ఎవరికీ లేని పేర్లు

తల్‌చి కనుమ మీదుగా రాత్రిపూట ఎవరూ పోరు. ఎంత తొందర పనున్నా, ఎంత మొండివాడైనా, కింద పూటకూళ్ళింట్లో ఓ మూల ముడుచుకుని పడుకుని తెల్లారాకే ఎక్కుతాడు. అక్కడ దెయ్యం ఉంది. అది పిలుస్తుంది.

పులి తిన్న మనిషి దెయ్యమై, ఆ పులికే ఊడిగం చేస్తూ, దారిన పోయేవాళ్ళను పేరుపెట్టి పిలుస్తుందని మా కొండల్లో పిల్లాపెద్దా అందరికీ తెలుసు. పలికావో — పులి నోట్లో పడ్డట్టే. అలాంటిది ప్రతి కనుమకీ ఒకటుంటుంది, అదేమంత వింత కాదు. కానీ తల్‌చి దెయ్యం తీరే వేరు. అది పిలిచే పేర్లు ఎవరివీ కావు.

ఒకసారి ఎడ్ల బేరగాడొకడు తాగిన ధైర్యంతో రాత్రి కనుమ ఎక్కాడట. కొండ మీద పైన్ చెట్ల చీకట్లోంచి గుసగుసగా... "యోహానూ..." అని వినిపించింది. కాసేపాగి... "లూసియా..." అని. ఏడూళ్ళలో ఎక్కడా వినని పేర్లు! వాడు ఎద్దునక్కడే వదిలేసి, చెప్పులూ వదిలేసి, కిందికొచ్చి పడ్డాడు. ఎద్దు మాత్రం తాపీగా మేసుకుంటూ తెల్లారి ఇంటికొచ్చింది.

మనుషులకు లేని పేర్లతో దెయ్యానికేం పని? జనానికి అదే అంతుపట్టలేదు.

ఇది మా తాతల నాటి మాట. పడమటి మతం పుచ్చుకున్నవాళ్ళను వెతికి వెతికి పట్టుకుంటున్న రోజులు. దొరికినవాడి పిక్కల మధ్య కర్రలు దూర్చి మెలిపెట్టేవాళ్ళు. "నమ్మను" అని ఒక్క మాటంటే వదిలేసేవాళ్ళు. అననివాళ్ళు తిరిగి రాలేదు.

కనుమకు అవతల, కొండ మడతలో, కుమ్మరి ఊరొకటుండేది. ఊరంటే ఊరు కాదు, నాలుగైదు పూరిళ్ళు, కుండలు కాల్చడానికి అందరికీ కలిపి ఒకటే ఆవం. వాళ్ళు పుట్టు కుమ్మరులు కారు. ఒకడు రైతు, ఒకడు గుమాస్తా, ఒకాయన పుస్తకాలు చదివిన పెద్దమనిషి. ప్రభువును నమ్ముకుని, ఊళ్ళొదిలి, కొండల్లోకి పారిపోయి వచ్చి మట్టి పిసకడం నేర్చుకున్నారు. కుమ్మరివాడి మొహం ఎవరూ చూడరు కదా. జాడీలు నెత్తిన పెట్టుకుని ఏ ఊరికి పోయినా ఎందుకొచ్చావని అడగరు.

ఆ ఊళ్ళో అందరికీ రెండేసి పేర్లు. ఒకటి లోకానికి, ఒకటి ప్రభువుకు. ఆ రెండో పేరు తమవాళ్ళ మధ్య తప్ప నోట రానివ్వరు. కనుమ మీద దెయ్యం యోహాను, లూసియా అని పిలుస్తోందన్న కబురు సంతనుంచి వచ్చినప్పుడు, లోకమంతా వింతగా చెప్పుకుంది గానీ, ఆ ఊళ్ళో ఆ రాత్రి ఎవరూ అన్నం ముట్టలేదు. అవి వాళ్ళ పేర్లు.

"మన చచ్చిపోయినవాళ్ళేమో..." అంది జోమ్‌న్యే. ఆ ఊళ్ళో నోరుగల మనిషి ఆవిడే. "పైనుంచి మనల్ని తలుచుకుంటున్నారేమో."

"తలుచుకునేవాళ్ళు చెట్టుకింద కూర్చుని గుసగుసలాడరు," అన్నాడు సోక్‌చే తాత. పుస్తకాలు చదివిన పెద్దమనిషి ఆయనే. ప్రార్థన చెప్పించేదీ, పిల్లలకు బాప్తిస్మమిచ్చేదీ ఆయనే. "అదేదో నాకు తెలీదు. ఏదైనా సరే, పలక్కండి. పలక్కపోవడం పాపం కాదు."

"ఎదురుగా నిలబడి అడిగితేనో?" అన్నారెవరో.

తాత అటు తిరిగాడు. "ఎదురుగా నిలబడి నువ్వెవరివని అడిగితే మాత్రం... కాదనకండి."

"అందాకా వస్తే నాకు నోరెక్కడుంటుంది తాతా! ముందే గుండాగి చస్తాను," అంది జోమ్‌న్యే. ఎవరూ నవ్వలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకే తోల్‌సే దొరికాడు. తోల్‌సే మంచి కండగల మనిషి, కాస్త పరధ్యానం. జాడీలమ్ముకుని, పొద్దుపోయి, కనుమ దిగుతున్నాడు. వెనకనుంచి, "సీమోనూ..." అని వినిపించింది. అలవాటైన పేరు. "ఆఁ?" అని వెనక్కి తిరిగాడు. అంతే. మలుపులో, గుడిసెలో కాచుకున్న సర్కారు బంట్లు వచ్చి మీద పడ్డారు. వెంట వచ్చే ఇంకో జాడీలవాడు బండరాయి చాటునుంచి చూసి, పారిపోయి వచ్చి చెప్పాడు. తోల్‌సే మళ్ళీ రాలేదు.

అప్పటినుంచి ఆ కనుమ ఎక్కాలంటే ఆ ఊరివాళ్ళకు రెండు భయాలు, దెయ్యం ఒకటి, బంట్లు ఒకటి. కానీ ఎక్కక తప్పని మనిషి ఒకతె ఉంది. బున్‌నే.

బున్‌నే మొగుడు మాన్‌బోక్ ఆకు రాలే రోజుల్లో సంతలో పట్టుబడ్డాడు. పట్నంలో బందీఖానాలో ఉన్నాడు. ఖైదీకి సర్కారు తిండి పెట్టదు. ఇంటినుంచి తెస్తే తింటాడు, లేకపోతే లేదు. అందుకని బున్‌నే ప్రతి సంతకూ జొన్న ముద్దలు, ముల్లంగి ఊరగాయ, దొరికితే ఇంత ఎండుచేప మట్టిగిన్నెలో సర్దుకుని, పొద్దువాలాక బయలుదేరి, రాత్రంతా నడిచి, తెల్లారేసరికి బందీఖానా వాకిట్లో నిలబడేది. లోపలికి పోనిచ్చేవాళ్ళు కాదు. గిన్నె పుచ్చుకునేవాళ్ళు. కాసేపటికి ఖాళీ గిన్నె తెచ్చి చేతిలో పెట్టేవాళ్ళు.

గిన్నె ఖాళీగా వచ్చిందంటే మనిషి బతికున్నాడన్నమాట. తింటున్నాడంటే మాట జారలేదన్నమాట, జారితే ఇంటికొచ్చేసేవాడు కదా. ఆ ఖాళీ గిన్నె పట్టుకుని బున్‌నే అంతే దూరం వెనక్కి నడిచేది.

చలికాలం వచ్చేసరికి ఆమె మనిషి మనిషిలా లేదు. నడుస్తూ జపం మొదలుపెట్టి, మధ్యలో నిద్రపోయి, కాళ్ళు నడుస్తుంటే మేలుకునేది. ఎంతవరకు చెప్పానో గుర్తుండేది కాదు. మళ్ళీ మొదటినుంచి. "నమ్మకం సంగతి సరే ప్రభువా, ఈ మోకాళ్ళ సంగతి కాస్త చూడు" అనుకునేదట. భక్తి పోలేదు. ఓపిక పోయింది. ఆ రెంటికీ తేడా ఉందని నిలబడి ఎవరికి చెబుతుంది?

దానికితోడు ఇంకో తంటా వచ్చిపడింది. ఆమెకు కనుమ మీద ఏమీ వినపడలేదు.

జోమ్‌న్యే మొగుడు ఎక్కితే పిలిచింది. సోక్‌చే తాత కొడుకు ఎక్కితే పిలిచింది. చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, పెదాలు కొరుక్కుని దిగి వచ్చారు ఇద్దరూ. అన్నిసార్లు దాటిన బున్‌నేకు మాత్రం గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మొదట్లో ప్రభువు దయ అన్నారు. తర్వాత ఏమీ అనలేదు. ఆమె వస్తే మాటలాపేసేవాళ్ళు.

చివరికి ఒక సాయంత్రం, ప్రార్థనకు అందరూ చేరినప్పుడు, జోమ్‌న్యే ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమ్మా బున్‌నే, దెయ్యానికి కూడా నువ్వంటే మొహమాటమా? మా అందరి పేర్లూ దానికి నోటికొచ్చు. నీ పేరు ఒక్కటే రాదా?"

"నాకేం తెలుసు వదినా?"

"బందీఖానా వాకిట్లో నువ్వు నిలబడతావు. బంట్లతో మాట్లాడతావు. తోల్‌సే పోయాడు. నువ్వు పోయొస్తూనే ఉన్నావు."

"గిన్నె ఇచ్చి గిన్నె తెచ్చుకుంటున్నాను. వాళ్ళతో నాకేం మాటలు?"

"నేనేమీ అనలేదమ్మా. అడిగానంతే."

బున్‌నే సోక్‌చే తాత వైపు చూసింది. ఆయన ఒక్క మాటంటే చాలు, జోమ్‌న్యే నోరు మూసుకునేది. ఆయన తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ మూలన తోల్‌సే పెళ్ళాం కూర్చుని ఉంది మరి. ఆమె ముందు ఆయన మాత్రం ఏమనగలడు? బున్‌నేకు కోపం కూడా రాలేదట. ఏడుపు కూడా రాలేదు. అలసిపోయింది, అంతే.

"తాతా, మీ సంతాపం బట్టలివ్వండి," అంది.

తండ్రి చచ్చిపోయినవాడు వేసుకునే బట్టలవి. ముతక జనపనార అంగీ, గడ్డం దాకా మొహం కప్పేసే గంపంత టోపీ. దుఃఖంలో ఉన్నవాణ్ణి పలకరించకూడదని ఆచారం. అందుకని పాతరోజుల్లో పెద్దలు ఆ వేషంలోనే ఊరూరా తిరిగి మతం చెప్పారు. బంట్లకు ఆ కిటుకు అప్పటికే తెలిసిపోయింది. ఇప్పుడా బట్టలేసుకుని కనుమ ఎక్కడమంటే కొరివితో తల గోక్కోవడమే.

"ఎందుకమ్మా?" అన్నాడు తాత.

"నేను బున్‌నేనని దానికి తెలుస్తోంది. అందుకే పిలవట్లేదు. తెలీకుండా పోతాను. అది పిలిస్తే, పిలిచిందని వచ్చి చెబుతాను. పిలవకపోతే... మీరే అనుకోండి నేనేమిటో."

ఎవరూ వద్దనలేదు. అదే ఆమెకు గుచ్చుకుంది.

మగవాడిలా పిక్కలకు గుడ్డ చుట్టుకుంది. జాడీలు మోసే చెక్క చట్రం వీపుకు తగిలించుకుంది. గిన్నె అందులో కట్టుకుంది. అడుగులు బరువుగా, దూరదూరంగా వేస్తూ ఎక్కింది.

పైన మంచు పలచగా పడుతోంది. చందమామ మబ్బు చాటున ఉంది. దారి తెల్లగా, చెట్లు నల్లగా... ఇంకేమీ కనపడటం లేదు. టోపీ అంచు కింద తన కాళ్ళు తనకే ఎవరివో అనిపిస్తున్నాయి. గాలి ఆగింది.

అప్పుడు వినపడింది.

"యోహానూ..."

ఆమె కాళ్ళు నిలిచిపోయాయి. అడుగు వెయ్యాలి — నిలబడితే అనుమానం. అడుగు పడటం లేదు. గొంతు మనిషి గొంతులా లేదు. పగిలిన కుండలో గాలి ఊదినట్టుంది.

"లూసియా..."

చెయ్యి దానంతటదే నుదుటి మీదికి లేచింది, సిలువ గుర్తు వేసుకోవడానికి. చప్పున దించేసుకుంది.

"బార్బరా..."

అది జోమ్‌న్యే రెండో పేరు. ఆ తర్వాత జోమ్‌న్యే మొగుడు. ఆ తర్వాత... గొంతు కాస్త తగ్గింది.

"సీమోనూ..."

పోయినవాణ్ణి కూడా పిలుస్తోంది! పోయినవాణ్ణి పిలిచి బంట్లకేం లాభం? ఆ పేర్ల వరస... ఆ వరస తనకు తెలుసు. సోక్‌చే తాత ఇల్లు, ఆయన కోడలు, తర్వాత జోమ్‌న్యే ఇల్లు, తర్వాత తోల్‌సే ఇల్లు. ఇళ్ళ వరస కాదది. ఇళ్ళు అలా లేవు. అది ఆవం వరస.

ఆవం పేర్చేటప్పుడు ఒక మనిషి ఆ పొడుగాటి చీకటి సొరంగంలోకి దూరతాడు. బయట అందరూ తమ జాడీలతో నిలబడతారు. లోపలున్నవాడు ఒక్కొక్క ఇంటినీ పిలుస్తాడు, ఏ ఇంటి కుండలు ఎక్కడ పెట్టాలో ఆ వరసలో. అడవిలో ఉన్నది తామే కాబట్టి రెండో పేరుతోనే పిలుస్తాడు. చీకట్లోంచి చేతులు మాత్రం బయటికొస్తాయి, జాడీ అందుకుని లోపలికి పోతాయి. ఆ పని చేసేది మాన్‌బోక్.

తన ఇంటి వంతు చివర. పెళ్ళాన్ని పేరుపెట్టి పిలిచేవాడు కాదు. పిలవడమెందుకు, పక్కనే ఉంటుంది. చేతులు చాపేవాడు, ఆమె అందించేది.

ఇక్కడా అంతే. తోల్‌సే పేరయ్యాక చీకట్లోంచి ఏమీ రాలేదు. రెండు చేతులతో ఒక జాడీ అందుకుని, జాగ్రత్తగా కింద పెట్టడానికి ఎంతసేపు పడుతుందో... అంతసేపు. మళ్ళీ మొదటినుంచి, "యోహానూ..."

బున్‌నే టోపీ తీసి మంచులో పడేసింది.

ఇప్పుడు ఏం చెయ్యాలి? నోరు మూసుకుని దిగిపోవచ్చు. ఊళ్ళోకి పోయి, పిలిచింది తాతా అని చెప్పొచ్చు, నింద పోతుంది. నోరు విప్పిందా — మలుపులో బంట్లున్నారు. ఆడమనిషి గొంతు ఆ చలిలో ఎంత దూరమైనా పోతుంది. ఇదంతా ఆమెకు తెలుసు. తెలిసే మొగుణ్ణి పిలిచింది, ప్రభువు పేరుతో.

"తద్దయీ!"

చెట్ల కింద గుసగుస ఠక్కున ఆగిపోయింది.

"తద్దయీ..."

"పోవే..." చీకట్లోంచి ఊపిరంత మాట. "పో... కింద ఉన్నారు..."

"పిలిస్తే పలకాలి."

"ఆ పేరు నాది కాదు. వదిలేశాను. నమ్మనన్నాను. పో..."

"ఇంతమందిని పిలిచావు. ఇప్పుడు నిన్ను పిలుస్తున్నాను. పలుకు."

ఆమె చెట్లలోకి పోయింది. గడ్డి కప్పుకుని, చెట్టు మొదట్లో, మూటలా ఉన్నాడు. కట్టెయ్యలేదు. కట్టక్కర్లేదు — మోకాళ్ళ కింద కాళ్ళు వంకర తిరిగి ఉన్నాయి. పైపళ్ళు లేవు. పోల్చుకోవడానికి కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదు మొహంలో.

"ఎప్పటినుంచి ఇక్కడున్నావు?" అంది.

"మొదటి మంచు పడ్డప్పటినుంచి."

"మరి గిన్నె?"

"ఏ గిన్నె?"

ఆ జొన్న ముద్దలన్నీ ఏ బంట్లు తిన్నారో బున్‌నేకు అర్థమైంది. పక్కన కూలబడింది.

"పేర్లు చెప్పమన్నారు," అన్నాడు అతను. మాటమాటకూ ఊపిరి పీలుస్తున్నాడు. "ఊరి పేరు చెప్పలేదు. ఇంటి పేర్లు చెప్పలేదు. ప్రభువు పేర్లు చెప్పాను... ఆ పేర్లు ఏ లెక్కల్లో ఉంటాయి? ఏ ఊళ్ళో పోయి అడిగినా అలాంటివాడు లేడంటారు. ఎవరికీ లేని పేర్లు కదా... చెబితే ఏం పోతుంది, కాళ్ళు వదిలేస్తారు అనుకున్నాను. వాళ్ళు నవ్వారు. చీకట్లో కూర్చోబెట్టి, పిలువు, ఎవడు తిరుగుతాడో చూద్దాం అన్నారు. వస్తున్నది ఎవరైనా పిలవాలి. పిలవకపోతే కర్రలు..."

"నన్ను పిలవలేదు."

"నీ పేరు వాళ్ళకు చెప్పలేదు. నువ్వొస్తుంటే అడుగు చప్పుడు తెలిసేది. నోరు మూసుకునేవాణ్ణి."

"తోల్‌సే?"

అతను మొహం గడ్డిలో దాచుకున్నాడు. "వాడు... ఆఁ అన్నాడే. నేను పిలిచానని పలికాడు. గొంతు గుర్తుపట్టాడేమో... నా గొంతేనని పలికాడేమో..."

బున్‌నే ఊరుకోమనలేదు. ఊరుకోవాల్సిన సంగతి కాదది. గిన్నె విప్పింది. ముద్ద తుంచి అతని నోటి దగ్గర పెట్టింది.

"నన్ను క్షమించావా?"

"అది నా ఒక్కదాని పని కాదు. ముందు తిను."

అతను తిన్నాడు. పళ్ళు లేని నోటితో, ఏడుస్తూ, మంచుపడి చల్లారిన జొన్న ముద్ద. అప్పుడే చెట్ల మీద వెలుతురు పడింది.

లాంతరు పట్టుకుని ఒక బంటు ఎక్కి వస్తున్నాడు. చేతిలో దుడ్డుకర్ర, నడుముకు తాడు. నడివయసు మనిషి, పైకెక్కేసరికి ఆయాసంతో వంగి నిలబడ్డాడు. లాంతరు ఎత్తి ఇద్దరినీ చూశాడు. సంతాపం అంగీ, దానిలో ఆడమనిషి, గిన్నె, సగం తిన్న ముద్ద.

"ఎవరు మీరు?" అన్నాడు.

ఎదురుగా నిలబడి అడిగాడు. ఇక పలక్కపోవడానికి లేదు. కాదనడానికి మాత్రం ఇంకా దారి ఉంది. పట్నం కూలిదాన్ని, దారి తప్పాను, చలికి అంగీ అడిగి వేసుకున్నాను, దిక్కులేనివాడు కనిపిస్తే ముద్ద పెట్టాను... ఇలాంటివి ఎన్ని లేవు! బున్‌నే బుర్రలోకి అన్నీ వచ్చాయట. ఒకదాని వెనక ఒకటి, తోసుకుంటూ వచ్చాయి. మొగుడి వంక చూడలేదు. చూస్తే తన భయం అతనికి అంటుతుందని.

ముందు మాన్‌బోక్ నోరు తెరిచాడు.

"తద్దయి," అన్నాడు. గుసగుస కాదు. పగిలిన గొంతే, కానీ గట్టిగా. "నా పేరు తద్దయి. ఆ రోజు నమ్మనన్నాను. అబద్ధమాడాను. నమ్ముతాను."

"అగాత," అంది బున్‌నే. "నేనితని పెళ్ళాన్ని."

లాంతరు చుట్టూ మంచు తిరుగుతోంది. బంటు తాడు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. తర్వాత ఎంతసేపటికో, ముక్కు తుడుచుకుని, విసుగ్గా గొణిగాడు.

"తద్దయీ, అగాతా... ఇలాంటి పేర్లవాళ్ళు ఈ జిల్లాలోనే లేరని పైకి రాసి పంపాం కదా."

కిందనుంచి కేక వినిపించింది. "ఏమైందిరా? ఎవరది పైన?"

బంటు గుడిసె వైపు తిరిగాడు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఒక్క అరుపు అరిచాడు.

"పులి! పులి వచ్చిందిరా! వాణ్ణి ఎత్తుకుపోయింది! పైకి రాకండి!"

ఎవడూ రాలేదు. రమ్మన్నా వచ్చేవాళ్ళు కాదు. గుడిసె తలుపు గట్టిగా మూసిన చప్పుడు మాత్రం వినిపించింది.

బున్‌నే చెక్క చట్రం వీపుకు తగిలించుకుని వంగి కూర్చుంది. బంటే మాన్‌బోక్‌ను చంకల కింద పట్టుకుని ఎత్తి, కట్టెల మోపు పెట్టినట్టు దాంట్లో పెట్టాడు. తన నడుము తాడు విప్పి, పడిపోకుండా కట్టాడు. "మళ్ళీ ఈ దారిన రావద్దు," అన్నాడు. ఆమె లేచింది, తూలింది, నిలదొక్కుకుంది. మొగుణ్ణి మోసుకుంటూ కనుమ అవతలికి దిగిపోయింది. బంటు కాళ్ళతో మంచు కెలికి, గడ్డి చిందరవందర చేసి, కిందికి పోయాడు.

ఆ ఊరివాళ్ళు ఆ వారమే ఆవం వదిలేసి ఇంకో లోయకు పోయారు. మాన్‌బోక్ మళ్ళీ ఎన్నడూ ఆవంలో పేర్లు పిలవలేదు. రోజూ పొద్దున దేక్కుంటూ పోయి తోల్‌సే పెళ్ళాం గడప ముందు కూర్చునేవాడు. ఆమె పలకరించేది కాదు, పొమ్మనేదీ కాదు. జోమ్‌న్యే మాత్రం బున్‌నే ఇంటికి ఊరగాయ తెచ్చిపెట్టి, తప్పయిందన్న ఒక్క మాట తప్ప మిగతా ఊసులన్నీ చెప్పి పోయేదట. పులి ఎత్తుకుపోయిన మనిషి దెయ్యమై తల్‌చి కనుమలో పిలుస్తున్నాడని లోకం అనుకుంది. ఇప్పటికీ అనుకుంటోంది.

బున్‌నే అవ్వ ముసలితనంలో జాడీలమ్ముకుంటూ మా ఇంటికి వచ్చేది. పట్టుకోవడాలు, చంపడాలు ఆగిపోయాక అది. మా అవ్వ పక్కన అరుగు మీద కూర్చుని ఈ కథ చెప్పేది. ఆవిడ వచ్చినప్పుడల్లా మా తాత ఏదో పనున్నట్టు పెరట్లోకి పోయేవాడు. ఒక చలికాలం నేను ఆయన వెనకే వెళ్ళి అడిగాను.

"ఎందుకు వదిలేశావు తాతా వాళ్ళను?"

"చలిరా," అన్నాడు. "వాడికా కాళ్ళు లేవు. పట్టుకుంటే పట్నం దాకా నేనే మొయ్యాలి. నా మోకాళ్ళు నీకు తెలుసు కదా."

"అంతేనా?"

ఆయన కట్టెలు పేరుస్తున్నాడు. పేర్చినవే తీసి మళ్ళీ పేర్చాడు.

"తోల్‌సేని పట్టుకుంది నేనే," అన్నాడు. "ఎవరు నువ్వని అడిగాను. వాడూ ఇలాగే చెప్పాడు, మొహంలోకి చూసి. తాడేసి తీసుకెళ్ళాను. దారంతా వాడు నాతో మంచిగానే మాట్లాడాడు... ఇంకోసారి నా వల్ల కాలేదురా."